నాలుగో పాటలో దగ్గు

కొత్త ఆల్బమ్‌ల మీద విమర్శ రాసే పని, ఇంకెవరూ ఒప్పుకోకపోవడం వల్ల నా దగ్గరికి వచ్చింది.

నా కాలేజీ స్నేహితుడొకడు మా విశాఖపట్నంలోనే ఒక ఇంటర్నెట్ పత్రిక నడుపుతాడు. సినిమాల మీద రాయడానికి అతనికి మనుషులు క్యూ కడతారు. పుస్తకాల మీద రాయడానికి ఆ పుస్తకాలు రాసినవాళ్ళ మిత్రులు ఎలాగూ ఉంటారు. పాటల ఆల్బమ్‌లు మాత్రం దిక్కులేకుండా అతని మెయిల్లో పడి ఉండేవి. ర్యాప్, గజల్, భక్తి, డప్పుకి గిటారు కలిపిన జానపదం, వీణ మీద జాజ్. "పోర్టులో సరుకు క్లియర్ చేయిస్తావు కదా, ఇదీ అలాంటిదే. నువ్వు రాయి" అన్నాడు. నేను పోర్టు దగ్గర ఒక కార్గో ఏజెంటు ఆఫీసులో దిగుమతి కాగితాలు చూస్తాను. కంటైనరు తెరవకుండానే లోపల ఏముందో చెప్పడం అలవాటైపోయిన వాణ్ణి. విమర్శకుడికి అంతకు మించిన అర్హత అక్కర్లేదని అతను అనుకున్నాడు. నేనూ కాదనలేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక, సీతమ్మధారలో మా ఫ్లాటు బాల్కనీలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ ఒకటి రెండుసార్లు హెచ్చరించింది. "మొహం అలా పెట్టకండి. మనం పోట్లాడుకున్నామని ఎదురింటివాళ్ళు అనుకుంటున్నారు."

మొహం అలా పెట్టకపోతే వాక్యం వచ్చేది కాదు. ఒక భక్తి ఆల్బమ్ గురించి "దేవుడికి ఓపిక ఎక్కువ కాబట్టి సరిపోయింది" అని రాశాను. వీణ, జాజ్ కలిపిన దాని గురించి "రెండూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ చివరికి రెండూ ఇంటికి చేరలేదు" అన్నాను. ఇలాంటివి రాసిన పూట అన్నం బాగా సహించేది. చదివేవాళ్ళు మాత్రం నేనూ, నా స్నేహితుడూ, నన్ను తిట్టడానికి వచ్చే ఆ కళాకారుల బంధువులూ.

అలా ఉండగా ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి ఒక ర్యాప్ ఆల్బమ్ వచ్చింది. పాడినవాడు జాలరి కుటుంబంవాడు, పాతికేళ్ళు కూడా ఉండవు. విన్నాను. నిజం చెప్పాలంటే సగం విన్నాను. "ఐసు ఆడించే మిషను కంకర మింగినట్టుంది" అని రాసి, ఆ వాక్యాన్ని నాకు నేనే చాలాసార్లు చదువుకున్నాను.

నాలుగు రోజులకి ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. తిడతాడేమోనని ఆఫీసులోంచి మెట్ల మీదికి వచ్చి మాట్లాడాను.

"ఏటి బావా అలా కనిపెట్టీసారు!" అన్నాడు. వెంటనే నాలిక్కరుచుకుని, "సారీ, సార్. మా నాన్నోళ్ళు బోటెక్కే ముందు ఐసు ఆడిత్తారు కదా, ఆ మిషను సౌండు ఫోన్లో రికార్డు సేసి బీటు కింద ఏసినాను. మావోళ్ళకి ఎవులికీ తెలీలేదు. మీరొక్కలే పట్టీసారు."

నేను తిట్టాననుకున్నాను. నేను కనిపెట్టానని అతను అనుకున్నాడు. వెటకారం గురితప్పి సత్యానికి తగిలిన సందర్భం నా జీవితంలో అదొక్కటే. "అవును, మరి వినబడుతోంది కదా" అన్నాను గంభీరంగా.

ఆ కుర్రాడూ, అతని జట్టూ నా వాక్యాన్ని పోస్టరు మీద వేసుకున్నారు. తరువాత టీషర్టుల మీద కూడా. 'కంకర మింగిన ఐసు మిషను' అంటే ఊళ్ళో కుర్రాళ్ళందరికీ తెలిసిపోయింది. ఆ పాటలు ఆటోల్లో మోగాయి, బీచ్ రోడ్డులో మోగాయి. ఆఖరికి మా ఆఫీసు డ్రైవరు ఫోన్లో రింగ్‌టోను అయ్యాయి. నా స్నేహితుడు ఉప్పొంగిపోయాడు. "నీ తిట్టుకి గిరాకీ ఉందిరా! కాస్త ధారాళంగా తిట్టు" అన్నాడు.

సరిగ్గా ఆ సమయంలో నాకు ఒక గజల్ ఆల్బమ్ నచ్చింది.

పాడినాయన పాత ఊరివాడు. పూర్ణా మార్కెట్ దగ్గర లేసులూ, జరీ అంచులూ అమ్మే కొట్టు ఆయనది. తెలుగులో గజళ్ళు తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని పాడాడు. గొంతు పెద్దది కాదు. పెద్దది కాదని ఆయనకి తెలుసు, అందుకే ఎక్కడా కేక వేయలేదు. నేను మొత్తం విన్నాను, మళ్ళీ విన్నాను, చేతనైనంత బాగా రాశాను. ఒక్కో పాట ఎలా మొదలై ఎక్కడ తిరిగి ఎలా ఆగుతుందో విడమరిచి చెప్పాను.

తరువాతి ఆదివారం ఆయన మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. కృతజ్ఞతలు చెప్పడానికని అనుకున్నాను. కూర్చున్నాక గడ్డం సవరించుకుని మెల్లగా విషయం ఎత్తాడు.

"షుక్రియా సార్. చాలా బాగా రాశారు. అదే నా కొంప ముంచింది."

నాకు అర్థం కాలేదు.

"మా బజారంతా చదివింది సార్. మా బావమరిది అయితే ఏడ్చాడు కూడా. 'ఎంత బాగా రాశాడు భాయ్, పాటలు విన్నట్టే ఉంది' అన్నారు అందరూ. విన్నట్టే ఉంటే ఇంకా వినడం దేనికి? ఒక్కడూ వినలేదు." నా వైపు జరిగి గొంతు తగ్గించాడు. "ఆ హార్బర్ పిల్లాణ్ణి తిట్టారు, ఊరంతా వాడి పాటే. నేనేం పాపం చేశాను? మెహర్బానీ చేసి నన్ను కూడా కొంచెం తిట్టండి."

"మీ పాటల్లో తిట్టడానికేమీ లేదండీ."

"వెతకండి సార్. మనసుంటే దొరుకుద్ది."

మా ఆవిడ టీ తెచ్చి బల్ల మీద పెడుతూ, "నాలుగో పాటలో ఎవరో దగ్గారు కదా" అంది.

మేమిద్దరం ఆవిడ వైపు తిరిగాం. నాకు ఏ దగ్గూ వినిపించలేదు.

"మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాక్యాలు ఆలోచిస్తూంటారు, మీకెలా వినబడుతుంది?" అంది నాతో. "నేను వంట చేస్తూ ఫోన్లో పెట్టుకుంటాను. రోజూ వింటున్నాను."

"భాభీ, రోజూ వింటున్నారా?" అంటూ ఆయన లేచి నిలబడ్డాడు. దగ్గు సంగతి మరిచిపోయాడు. ఏ పాట ముందు వింటారు, ఏ చరణం దగ్గర ఆగుతారు అని అడుగుతూంటే ఆయన కళ్ళు తడిసిపోయాయి. అంత పొడుగు నా వ్యాసానికి రాని తడి, మా ఆవిడ "పప్పు తాలింపు వేసేటప్పటికి మూడోది వస్తుంది" అన్నందుకు వచ్చింది. నేను మిఠాయి తింటూ కూర్చున్నాను.

కాసేపటికి ఆయన దగ్గు కథ చెప్పాడు. "అది మా తబలా ఆయన. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి అట్నుంచి అటే స్టూడియోకి వచ్చాడు. మళ్ళీ పాడి చూశాను గానీ, ఆ పూట వచ్చినట్టు రాలేదు. దగ్గుతో సహా ఉంచేశాను."

"ఈ పోర్టు దుమ్ముకి మన ఊళ్ళో దగ్గనివాళ్ళెవరు లెండి" అంది మా ఆవిడ.

ఆయన అడిగాడు, మా ఆవిడ దారి చూపించింది, కాబట్టి రాశాను. నాలుగో పాట రెండో చరణంలో గాయకుడు ప్రియురాలి పేరు పైకి అనలేక మింగేస్తాడు, సరిగ్గా అక్కడే ఎవరో దగ్గుతారు, ఇది స్టూడియోనా డాక్టరు గారి వెయిటింగ్ రూమా అని నిలదీశాను. నా స్నేహితుడు దాన్ని పత్రికలో అన్నిటికంటే పైన పెట్టాడు.

జనం దగ్గు వినడానికి వెళ్ళారు. అది దగ్గు కాదు, ఓడ హారన్ అని ఒకరు రాశారు. సకిలింపు అని ఇంకొకరు. అది కార్మికుడి ఆవేదనకి ప్రతీక అనీ, ఈ విమర్శకుడికి ఆ మాత్రం తెలియదా అనీ ఒక లెక్చరర్ గారు నన్ను కడిగేశారు. అయితే ఆ దగ్గు దాకా వెళ్ళాలంటే పాట సగం పైగా వినాలి. విన్నవాళ్ళలో కొందరు అక్కడితో ఆగలేదు. ఐదో పాట బాగుందని ఎవరో రాశారు. ఆ తరువాత చాలామంది రాశారు.

అందరూ సంతోషంగా ఉన్నారనుకుంటున్న సమయంలో తబలా ఆయన ఫోన్ చేశాడు.

"ఏటి బాబూ, సిన్నప్పట్నుంచి వాయిత్తన్నాను నాను. నా సేతులు ఇనిపించలేదేటి మీకు? దగ్గొకటే ఇనిపించిందా?"

"మొదటి వ్యాసంలో మీ గురించి రాశానండీ" అన్నాను.

"రాసారు. 'తబలా సహకారం సముచితం' అని. సముచితం అంటే ఏటని మా సూపర్‌వైజరుని అడిగినాను. ఆడికీ తెలీదన్నాడు."

సంగీతం మీద రాసే ప్రతివాడూ ఆ ముక్క రాస్తాడని, దాని అర్థం నేనూ ఎప్పుడూ ఆలోచించలేదని ఆయనకి చెప్పలేకపోయాను.

కొన్నాళ్ళకి పాత ఊళ్ళో ఒక ఫంక్షన్ హాల్లో ఆ గజళ్ళ కచేరీ పెట్టారు. నన్నూ మా ఆవిడనీ ముందు వరసలో కూర్చోబెట్టారు. హాలు నిండిపోయింది. చాలామంది ఎందుకొచ్చారో నాకు తెలుసు. నాలుగో పాట మొదలవగానే ఫోన్లు పైకి లేచాయి. తబలా ఆయన పెదాలు బిగించుకుని తల వంచుకుని వాయిస్తున్నాడు. రెండో చరణం వచ్చింది. గాయకుడు ఆ పేరు మింగేశాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

తబలా ఆయన దగ్గలేదు.

వెనక వరసల్లోంచి ఎవరో దగ్గారు. హాలు గొల్లుమంది, చప్పట్లు కొట్టింది. తబలా ఆయన తలెత్తి జనాన్ని చూశాడు. గాయకుడు పాట అందుకోబోతూంటే చెయ్యెత్తి ఆపాడు. ఆపి, ఒక్కడే వాయించడం మొదలుపెట్టాడు. మొదట్లో నవ్వుల్లో ఏమీ వినపడలేదు. ఆయన గట్టిగా కొట్టలేదు, ఇంకా తగ్గించాడు. వినాలంటే ఊరుకోక తప్పదు. ఒక్కొక్కరే ఊరుకున్నారు. కోపం వేళ్ళ చివర్ల దాకా వచ్చి అక్కడ కోపంగా మిగలకపోవడం నేను కళ్ళారా చూశాను. ఫోన్లు కిందికి దిగాయి. ఆయన ఆపినప్పుడు చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ వెంటనే తోచలేదు. గాయకుడు పేరు మింగిన చోటినుంచే పాట అందుకున్నాడు.

"ఇది రాయండి" అంది మా ఆవిడ, ఇంటికొచ్చే దారిలో.

రాశాను. పాట గురించి ఒక్క ముక్కా లేదు, ఆ తబలా గురించే. నా స్నేహితుడు చదివి, "ఇందులో తిట్టు ఏదిరా?" అని అడిగాడు. లేదన్నాను. పత్రికలో అన్నిటికంటే అడుగున పెట్టాడు. ఎవరూ చూడలేదు. తిట్టడానికి కూడా ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే తబలా ఆయన ఫోన్ వచ్చింది. వెనక రోడ్డు రొద వినబడుతోంది.

"సదివినాను బాబూ."

"ఎవరూ చూసినట్టు లేదండీ" అన్నాను.

"సూడకపోతే ఏటి? మా ఆవిడికి సదివి ఇనిపించినాను. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి సదవమంది. మళ్ళీ సదివినాను."

నేను రాసినదాన్ని ఒక ఇంట్లో పైకి చదువుకున్నారని వినడం నాకు అదే మొదటిసారి. ఆవిడ ఏమన్నారని అడిగాను.

"ఏటీ అన్లేదు. టీ ఎట్టింది" అన్నాడు. "ఉంటాను బాబూ, కంపెనీ బస్సొచ్చీసింది."