చక్రాల్లేని వాహనానికి నిమ్మకాయలు

గల్ఫులోని ఇబ్రా ఊళ్లో యాసిర్ అనే ఆసామికి సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం ఉంది. అందులో పికప్ నడిపే లింబాద్రిది జగిత్యాల పక్క పల్లె. ఆకాశంతో అతనికున్న పూర్వ పరిచయమల్లా రెండేళ్లకోసారి విమానంలో ఇంటికి పోవడం, పోయిన ప్రతిసారీ నడిమి సీటే దొరకడం.

యాసిర్‌కు ఒక పిచ్చి ఉంది. పెద్ద ఫ్యాను బిగించిన ఇంజినును వీపుకు కట్టుకుని, తలమీద గుడ్డ రెక్క విప్పుకుని, నాలుగడుగులు ఉరికి గాల్లోకి లేస్తాడు. దాన్ని పారామోటార్ అంటారు. శుక్రవారాల్లో ఆ సామానంతా ఎడారి అంచుకు చేర్చడం లింబాద్రి డ్యూటీ. కొన్ని చలికాలాలు మోయించాక యాసిర్‌కే అనిపించింది, మోసేవాడు ఎగిరితే తప్పేమిటని. శిక్షకుడి దగ్గర పెట్టి నేర్పించాడు. కాగితాలు చేయించాడు. చీలమండలు కప్పే బూట్లు కొనిచ్చి, గల్ఫులో అందరికీ అర్థమయ్యే ఆ హిందీలోనే ఒక్క సూత్రం చెప్పాడు: "దిగేటప్పుడు కాళ్లు కిందికి. నేల తగలగానే పరుగు. కాళ్లు పైకెత్తావో, ఖలాస్."

ఆ ఫిబ్రవరిలో ఇసుక దిబ్బల పక్కన పైలట్ల కూడిక జరిగింది. ఖురం నుంచి ఆఫీసర్లు వచ్చారు, ఖురియాత్ నుంచి చేపల వ్యాపారులు వచ్చారు. కొత్తవాళ్లను కూడికలో ఎగరనివ్వడం వారి ఆచారం కాదు. యాసిర్ గుండెమీద చెయ్యి వేసుకుని, "ఇతనికి నేను జామీను" అన్నాడు. అంతటితో లింబాద్రి ఎగరడం లింబాద్రి సొంత వ్యవహారం కాకుండా పోయింది. అతను సరిగ్గా దిగితే యాసిర్ మాట నిలుస్తుంది, లేకపోతే లేదు.

ఈ చారిత్రక ఘట్టాన్ని చూడ్డానికి లింబాద్రి ఉండే రూమ్ తరఫున భూమయ్య వచ్చాడు. వృత్తికి తాపీ మేస్త్రి అయినా, రూమ్‌లో శాస్త్రానికి సంబంధించిన వివాదాలన్నింటిలో తుది తీర్పు ఆయనదే. వస్తూ వస్తూ కుంకుమ, నిమ్మకాయలు తెచ్చాడు.

"కొత్త బండి తీస్తున్నవ్ తమ్మీ. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కియ్యకుంట ఎట్ల కదులుతది?"

"దీనికి టైర్లెక్కడియే అన్నా?"

భూమయ్య యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ధర్మసందేహమే. ఇలాంటి వాహనం గురించి పెద్దలెవరూ ఏమీ చెప్పి పోలేదు.

"మరిది దేంతోని ఉరుకుతది?"

"నా కాళ్లతోనే."

"ఇంకేంది మరి! నీ కాళ్లే టైర్లు. బూట్లిడువు."

"బూట్లేసుకొనే తొక్కరాదా?"

"బూట్లతోని పూజ జేస్తవా? మీ నాయిన ఎన్నడన్న జేసిండా?"

తండ్రి పేరు ఎత్తాక వాదన ముగిసినట్టే. లింబాద్రి బూట్లు విప్పి, సాక్సులు మడిచి వాటిలో పెట్టి, గుడి ముందర విడిచినంత శ్రద్ధగా పక్కపక్కన పెట్టాడు. బండి బరువు పడనిదే నిమ్మకాయ తొక్కినట్టు కాదని భూమయ్య మరో నియమం చేర్చడంతో, యంత్రాన్ని ముందే వీపుకు బిగించుకున్నాడు. ఒక్కో మడమ కింద ఒక్కో నిమ్మకాయ చితికింది. శాస్త్రం పూర్తయింది.

ఇక బూట్లు తొడుక్కోవాలి. వీపున అంత బరువుతో వంగడం కుదరలేదు. భూమయ్య ఒక బూటు అందుకుంటుండగానే, దూరాన దిగే చోట జెండా దగ్గర నిలబడ్డ యాసిర్ గొంతు రేడియోలో వినిపించింది: "గాలి బాగుంది. యల్లా!" వెనక వరసలో పెద్ద పైలట్లు కాచుకుని ఉన్నారు. జామీను ఇచ్చిన మనిషిని ఆగమనడానికి లింబాద్రికి నోరు రాలేదు. ఉరికాడు. మెత్తటి ఇసుక, ఉత్త కాళ్లు, నిమ్మరసం. లేచాడు.

పైన అంతా బాగుంది. ఇసుక దిబ్బలు ఆరేసిన చీరలా ముడతలు పడి ఉన్నాయి. ఒంటెలు చీమల్లా కనిపించాయి. నడిమి సీటు బాధ లేనే లేదు. కింద భూమయ్య బూటు పట్టుకుని చెయ్యి ఊపుతున్నాడు. ఆ బూటును చూశాకే లింబాద్రి తన కాళ్లకేసి చూసుకున్నాడు. ఎదురుగా పది వేళ్లు, కుంకుమతో సహా.

ఎగిరేది ఇసుకలోంచి గానీ దిగేది గట్టి నేల మీద. జెండా చుట్టూ అంతా కంకర, తుమ్మముళ్లు. నేల దగ్గరపడింది. యాసిర్ రేడియోలో "కాళ్లు! కాళ్లు!" అని అరుస్తూనే ఉన్నాడు. ముళ్లు కనిపిస్తున్నప్పుడు కాళ్లు గురువు మాట వినవు. లింబాద్రి మోకాళ్లను గడ్డం దాకా ముడుచుకుని, ఆసీనుడై దిగాడు. ఫ్యాను రెక్కలు ఫట్‌మని విరిగాయి. ఆపైన గుడ్డ రెక్క నెమ్మదిగా జారి, సన్మానసభలో శాలువాలాగా అతన్ని నిండా కప్పింది.

యాసిర్ పరుగెత్తుకొచ్చాడు. "సదీక్! దోస్తూ! దెబ్బ తగిలిందా? ఏమైంది?"

గుడ్డ కింద లింబాద్రి పాదాలను లోపలికి లాక్కున్నాడు. "ఇంజిన్... ఇంజిన్ దగ్గింది అర్బాబ్. భయమైంది."

యజమానితో అంతే అన్నాడు. ముఖం కనిపించని చోట అబద్ధం సులువుగా వస్తుంది.

బయట యాసిర్ కూడినవారి వైపు తిరగడం వినిపించింది. "తప్పు ఇతనిది కాదు, నాది. పొద్దున కార్బురేటర్ సరిచేసింది నేనే." ఖురియాత్ నుంచి వచ్చిన తెల్లగడ్డం పెద్దమనిషి అందరి ముందూ అన్నాడు: "నేర్చుకునేవాడి వీపుకు అలాంటి ఇంజిను కడతావా యాసిర్? మనిషి పోతే?" లింబాద్రికి ఆ గుడ్డ కిందే ఉండిపోతే బాగుండుననిపించింది.

అప్పుడే భూమయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"తమ్మీ, బూట్లు ఆడనే ఇడిసిపోతివి! సాక్సులు గూడ లోపటనే ఉన్నయ్. గని నిమ్మకాయలు మాత్రం మస్తుగ పలిగినయ్, ఏం రంది వెట్టుకోకు!"

ఎవరో గుడ్డ తొలగించారు. యాసిర్ బూట్లను చూశాడు. తర్వాత పాదాలను చూశాడు.

"ఇంజిన్ మంచిగనే ఉండె అర్బాబ్," అన్నాడు లింబాద్రి తల వంచుకుని. "నేనే కాళ్లెత్తిన."

"నాకు కాదు. వాళ్లకు చెప్పు."

లింబాద్రి పైలట్లంతా కూర్చున్న చాప ముందు నిలబడి, వచ్చిన హిందీ, రాని అరబ్బీ కలిపి, టైర్లకూ కాళ్లకూ నిమ్మకాయకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు. పెద్దమనిషి అంతా గంభీరంగా విని, "మరి నిమ్మకాయ పనిచేసినట్టా, చేయనట్టా?" అని అడిగాడు. చాపంతా ఘొల్లుమంది. యాసిర్ నవ్వలేదు. విరిగిన ఫ్యాను ముక్కలను తనే ఏరి పికప్‌లో వేసుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత యాసిర్ కొత్త ఫ్యాను రెక్కలు తెచ్చి, బిగించమన్నాడు. లింబాద్రి అలవాటుగా బూట్లు విప్పబోయి, ఆగి, బూట్లతోనే కూర్చుని బిగించాడు. పాపం చేసినట్టే ఉంది.

"స్టార్ట్ చెయ్," అన్నాడు యాసిర్.

ఇంజిను అందుకుంది. యాసిర్ పక్కన గొంతుకూర్చుని, తల వంచి, చెవి ఆనించినంత దగ్గరగా వింటున్నాడు. లింబాద్రి నిజం చెప్పాక కూడా, తప్పు తన కార్బురేటర్‌దేనేమోనని వింటున్నాడు. చాలాసేపు విన్నాడు.

ఇంజిను కమ్మగా, ఏకధారగా ఆడుతోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి దగ్గితే బాగుండునని లింబాద్రి మనసులోనే దానికి దండం పెట్టాడు.