ఎనిమిదో రౌండ్‌లో ఎవరు?

మా పక్కింటి అంకుల్ పోయారు. ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ జరిగిన మర్నాడు పొద్దున్న ఏడింటికి ఆంటీ ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆయన లేరే" అన్నారు. నేను వంటింట్లో నిలబడి "ఎక్కడికెళ్లారు ఆంటీ?" అని అడిగాను. నిజంగానే అడిగాను. రెండు రోజుల్లో ఇంటికి పంపించేస్తామని ఆస్పత్రివాళ్లు చెప్పిన మనిషి. గుండె చుట్టూ కాస్త నీరు చేరింది, తీసేస్తే సరిపోతుందన్నారు. తీసేశారు కూడా. ఇది పది రోజుల తర్వాత రాస్తున్నాను. నాకింకా నమ్మకం కుదరడం లేదు.

ఆయన ఇక్కడ కెనడాలో, హామిల్టన్ స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్లు ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. మేము వాన్ అనే ఊరి నుంచి వచ్చి ఈ ఇల్లు కొన్న వారంలోనే కంచె అవతలి నుంచి పలకరించారు. తెలుగువాళ్లు కదా, ఏ ఊరు, ఏం ఉద్యోగం అని అడుగుతారనుకున్నాను. "ఫుట్‌బాల్ చూస్తావా అమ్మాయ్?" అన్నారు. చూడనన్నాను. "పేరుకి ఫుట్‌బాల్, ఆడేదంతా చేతుల్తోనే. రా, చెప్తా" అన్నారు. మా ఆయనకి క్రికెట్ తప్ప ఇంకోటి ఆటే కాదు. నేను మాత్రం ఆ ఏడాదే పీకల్దాకా మునిగిపోయాను. ఎనిమిదేళ్లుగా వాళ్ల బేస్‌మెంట్‌లో కూర్చుని మా ఊరి టీమ్‌ని తిట్టని మ్యాచ్ లేదు. తిట్టడం నా వంతు, ఓర్చుకోవడం ఆయన వంతు. నేనూ ఈ ఊరిదాన్నే అన్న ధీమా నాకు వచ్చింది ఆ బేస్‌మెంట్‌లోనే.

డ్రాఫ్ట్ అంటే ఏమిటో ఆయన మాటల్లోనే చెప్తాను. "మన ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగే అమ్మాయ్, కాకపోతే తిరగేసి. ఇక్కడ టీములే క్యూలో నిలబడి కుర్రాళ్లని ఏరుకుంటాయి." యూనివర్సిటీల్లో ఆడే కెనడా కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకుంటారు. కిందటేడు అందరికన్నా అడుగున ఉన్నవాళ్లకి మొదటి వంతు. ఎనిమిది రౌండ్లు.

ఏటా డ్రాఫ్ట్ రోజు ఆంటీ పునుగులు వేసేవారు. మూడో రౌండ్‌కల్లా పునుగులూ అయిపోయేవి, నా ఓపికా అయిపోయేది. ఆయన మాత్రం కదిలేవారు కాదు. "మొదటివాడి పేరు ఎలాగూ పేపర్లో పడుతుంది. చివరివాడి పేరు మనమే పట్టుకోవాలి" అనేవారు. ప్లాంటులో చేరిన కొత్తలో నెల రోజులు ఆయన్ని అందరూ "హే" అనే పిలిచారట. ఒక ముసలి ఫోర్‌మన్ ఒక్కడే ఇంటిపేరుతో సహా నేర్చుకుని వచ్చి పిలిచాడట. "ఈ దేశం నన్నూ ఎనిమిదో రౌండ్‌లోనే తీసుకుందమ్మా" అని నవ్వేవారు.

అందుకే ఏటా ట్రైనింగ్ మొదలవగానే గ్రౌండ్‌కి వెళ్లి, ఆ చివరివాణ్ణి పూర్తి పేరుతో పిలిచి, "వెల్‌కమ్ టు హామిల్టన్" అనేవారు. ఒకసారి నేనూ వెళ్లాను. బీరువా అంత మనిషి వెనక్కి తిరిగి, తన పేరు ఈ పెద్దాయనకి ఎలా తెలిసిందా అని చూస్తూ ఉండిపోయాడు. వారం తిరక్కుండానే టీమ్ అతన్ని పంపించేసింది. నేను ఉసూరుమంటే, "మనం పిలిచాం కదా" అన్నారు అంకుల్.

ఈ ఏడాది ఆయన ఆస్పత్రిలో ఉన్నారు, గదిలో టీవీ లేదు. ఫోన్‌లో చూద్దామంటే అక్షరాలు ఆనవు. "నువ్వు చూసి చెప్పమ్మా, ఒక్కో రౌండూ" అన్నారు. సరేనన్నాను. కిందటేడు ఘోరంగా ఓడాం కాబట్టి మొదటి వంతు మాదే. మాకు కావలసింది ఎదుటివాళ్లని అడ్డుకునే బండలాంటి మనిషి. అలాంటివాడు ఒకడు ఉన్నాడు కూడా, ఊరంతా వాడి పేరే జపం. తీరా చదివింది ఒక కిక్కర్ పేరు. మ్యాచ్‌లో కాసిని సార్లు వచ్చి బంతిని తన్ని వెళ్లిపోయేవాడు! అలాంటివాణ్ణి ఏ ఐదో రౌండ్‌లోనో తీసుకుంటారు. వెంటనే ఆయనకి ఫోన్ కలిపాను.

"అంకుల్, కిక్కర్ని తీసుకున్నారు!"

"ఎవర్నీ?"

"కిక్కర్ని! మొదటి పిక్! వీళ్లకి బుర్రలున్నాయా?"

అవతల నుంచి నవ్వు వినిపించింది. "పోనీలే అమ్మాయ్. ఒక తన్నుకి మూడు పాయింట్లు. మూడు పాయింట్ల తేడాతో మనం ఎన్ని ఓడలేదు?"

"మీరు వాళ్లని వెనకేసుకు రాకండి. నేనింక చూడను, టీవీ కట్టేస్తున్నా."

"కట్టెయ్యకమ్మా. చివర్న ఎవర్ని తీసుకున్నారో చెప్పాలి నువ్వు."

"మొదటివాడే ఇలా ఏడిస్తే, చివరివాడు ఎవడైతే ఏంటంకుల్!"

ఫోన్ పెట్టేశాను. టీవీ కట్టేశాను. నా కోపం పాలపొంగు, గంటలో చల్లారింది. పొద్దున్న లిస్టు చూసి చెప్దాంలే, ఆయన ఎక్కడికి పోతారు అనుకున్నాను.

ఆంటీ ఫోన్ వచ్చిన ఆ పొద్దున్నే, వంటింట్లో అలాగే నిలబడి, లిస్టు తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. ఎనిమిదో రౌండ్‌లో తీసుకున్నది పడమటి వైపు ప్రెయిరీ మైదానాల్లోని ఒక యూనివర్సిటీ కుర్రాణ్ణి. పేరు రెండుసార్లు పైకి చదివాను. వినవలసిన మనిషి లేరు.

అంత్యక్రియలైన మర్నాడు ఆంటీ దగ్గర కూర్చుని చెప్పేశాను. "చివరిసారి ఆయన్ని కసురుకున్నాను ఆంటీ."

"కసురుకున్నావా? ఆయన నవ్వుతూనే ఉన్నారే. 'అమ్మాయికి ఒళ్లు మండింది, తగ్గాక తనే చేస్తుంది' అన్నారు."

నా ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ ఆంటీ ఇంకా చెప్తూనే ఉన్నారు. నేను ఫోన్ చేయకపోయేసరికి, తన ఫోన్‌లో చూసి చెప్పనా అని నర్సు అడిగిందట. "నో, థాంక్యూ. మై నైబర్ విల్ కాల్" అన్నారట ఆయన.

ఆంటీ పర్సులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. ఆస్పత్రిలో భోజనానికిచ్చే చీటీ. వెనకవైపు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి పక్కన ఆయన గుండ్రటి తెలుగు అక్షరాలు: "కిక్కర్. అమ్మాయికి కోపం." మిగతా ఏడూ ఖాళీ.

"కాసేపు నడుం వాల్చండి, కళ్లజోడు తీసేస్తాను అంటే ఒప్పుకోలేదే" అన్నారు ఆంటీ. "నేను ఇంటికి బయల్దేరేటప్పుడు కూడా అలాగే ఉన్నారు. ఫోను ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీసి పట్టుకుని."