మాటలు నేర్చిన బోర్డు

మా అక్క ఏ బోర్డు చేసినా ముందు దానికి మాటలు నేర్పుతుంది. మోటారు తిప్పడం, నీటిమట్టం చూడడం ఆ తర్వాతే. చిన్న చిప్పులతో ఇలాంటి బోర్డులు చేయడం ఒడిశా బరంపురంలోని గోసాని నువాగాంలో మా ఇద్దరి పని. నాకు ఓపిక తక్కువ. బోర్డు మీద దీపం వెలిగితే చాలు, పని చేస్తున్నట్టే అంటాను.

హుమ్మ ఊళ్లో మా మావయ్య ఉప్పుమళ్లకి నీళ్లు తోడే సోలార్ మోటారుకి ఒక బోర్డు చేసిచ్చాం. మేం సొంతంగా చేసిన మొదటి బోర్డు అది. మోటారు అలా తిరిగి ఇలా ఆగేది, బోర్డు ఆరి వెలిగి మళ్లీ మొదటికి వచ్చేది. మేం చూడ్డానికి వెళ్లిన రోజు, ఇవాళ కూడా ఆగితే బోర్డు ఊడబీకేస్తానని పాత స్విచ్చు చేత్తో పట్టుకునే వచ్చాడు మావయ్య. నాకు తిక్క రేగి, చిప్పు మార్చేద్దామన్నాను.

"ముందు దాన్ని అడుగురా. అడగందే అమ్మైనా పెట్టదు" అంది అక్క.

గట్టు మీదే కూర్చుని బోర్డు నుంచి రెండు తీగలు తీసి లాప్‌టాప్‌కి కలిపింది. తెర నిండా పిచ్చి గీతలు. చిప్పు పోయిందన్నాను. అది చెప్పే వేగం వేరు, మనం వినే వేగం వేరు అని నవ్వింది అక్క. రెండు వేగాలూ ఒకటి చేయగానే అక్షరాలు కుదురుకున్నాయి. మొదటికి వచ్చినప్పుడల్లా కారణం చెప్పమని ప్రోగ్రాంలో ఒక వరుస చేర్చింది. ఇంగ్లీషు అక్షరాలే గానీ మాట మన తెలుగే. మోటారు వేశాం. ఆగింది. తెర మీద "వోల్టేజి పడిపోయింది" అని వచ్చింది.

అక్క బ్యాటరీ దగ్గర తీగ కొస విప్పింది. లోపలంతా గట్టిపడిన గ్రీజు, అది అడ్డుపడి కరెంటు సరిగా అందడం లేదు. ఉప్పుగాలికి ఇనుము నిలవదని అక్కడ ప్రతి బోల్టుకీ గ్రీజు పూస్తారు. అదే అలవాటున మావయ్య తీగ కొసలకీ దట్టంగా పూసి బిగించాడు. నేనైతే అక్కడే నాలుగు దులిపేవాణ్ణి. అక్కేమో కొసలు శుభ్రంగా తుడిచి, బిగించి, పైన మాత్రం మళ్లీ గ్రీజు రాసింది. మావయ్య జాగ్రత్తని తీసిపారేయకుండా దాని చోట దాన్ని పెట్టింది. అది చూసి అక్కంటే ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

మోటారు ఈసారి ఆగలేదు. తెర మీద వచ్చిన మాట మావయ్యకి చదివి వినిపించాను. ఆయన స్విచ్చు జేబులో వేసుకున్నాడు. నేను బోర్డు నుంచి తీసిన ఆ రెండు తీగలు పీకబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అవి ఉండనీరా. మోటారు ఆగితే ఆగనీ. ఎందుకాగిందో సెప్పీది ఒకటుండాల."