ఫ్యాన్లు ఆపి చేసిన ప్రార్థన

ఈ సాయంత్రం సీతాఫల్‌మండిలో మా ఇంట్లో ప్రార్థన కూటం. లోపలి గదిలో నా కంప్యూటర్, నా పీహెచ్‌డీ పరిశోధన కోసం, మూడు రోజులుగా క్షయ క్రిముల జన్యువులను పోల్చి చూస్తోంది. మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచీ నడపాలి.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాన్లకూ కంప్యూటర్‌కూ కలిపి ఒకటే ఇన్వర్టర్, అది లోడు ఎక్కువై కీచుమనడం మొదలుపెట్టింది. ప్రార్థన చేస్తున్న పక్కింటి ఎస్తేరాంటీ ఒక కన్ను తెరిచి నా ముఖం చూశారు.

“ఏంది బిడ్డా, పరేషాన్ అయితున్నవ్?”

“కంప్యూటర్ ఆగిపోతుందేమో ఆంటీ.”

“ఫ్యాన్లు బంద్ చెయ్యి. మేం పాటల పుస్తకాలతోని విసురుకుంటం.”

వెంటనే కన్ను మూసి, “ప్రభువా, ఆ కంప్యూటర్‌ను సుత కాపాడు” అని అందుకున్నారు.

కరెంటు వచ్చేదాకా పదిమంది చెమటలు కక్కుతూ ప్రార్థించారు. నా ప్రోగ్రాం ఆగలేదు. నేను చేసే ఈ బయోఇన్ఫర్మాటిక్స్ అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు.

పరిశోధన వ్యాసం అచ్చయితే, కృతజ్ఞతల్లో మా గైడ్‌గారి పేరు ముందుండాలా, ఎస్తేరాంటీదా? గైడ్‌గారి గదిలో ఏసీ ఉంది. అది కూడా చూసుకుని చెప్పండి.