పొయ్యి పెట్టె అనీతా

మా బుల్లి రైలు ఎక్కి వెళ్ళినవాళ్ళు ఇంటికెళ్ళాక ముందు మా ఊరి గాలి గురించి చెబుతారట, ఆ తర్వాత అనీతా గురించి. ఇంజిను గురించి చెప్పేవాళ్ళూ ఉంటారు గానీ వాళ్ళంతా మగవాళ్ళు. నేను ఆ బండిలోనే టీ అమ్మే పెట్టెలో తోర్తాలు వేయిస్తాను. అంటే మైదాపిండి ముద్దను చిల్లు పెట్టి గొర్రె కొవ్వులో వేయించడం. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు నా పని నాది, దాని గొప్ప నేను చెప్పుకోను. అనీతా గొప్ప మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే తన నోటితో తను చెప్పుకునే రకం కాదు.

శనివారం పొద్దున బండి కదలకముందు, స్టేషన్లో నిలబడి ఉండగానే, వచ్చినవాళ్ళకు పెట్టెలన్నీ తిప్పి చూపించడం ఆమె పని. చూపించడం అంటే వేలు పెట్టి చూపించడం కాదు. ముందు అందరి చేతా చేతి తొడుగులు తీయిస్తుంది. "చేత్తో పట్టుకుంటేనే చెక్క మాట్లాడుతుంది" అంటుంది. మొదటి తరగతి తోలు కుర్చీల్లో ఎవర్నీ కూర్చోనివ్వదు, మూడో తరగతి చెక్క బల్లల మీద అందర్నీ కూర్చోబెడుతుంది. ఒకసారి రాజధాని నుంచి వచ్చిన ఒక లావుపాటాయన నించునే ఉంటానన్నాడు.

"కూర్చోండి సెన్యోర్. గొర్రెలు కాసేవాళ్ళు దీని మీద రెండు రోజులు కూర్చుని ప్రయాణం చేశారు. మిమ్మల్నేం కరవదు" అంది.

ఆయన కూర్చున్నాడు. దిగేటప్పుడు నడుం పట్టుకుని దిగాడు, ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని మరీ దిగాడు. కిటికీ తోలు పట్టీని ఎలా లాగి ఏ చిల్లుకు తగిలించాలో, ఇత్తడి దీపం ఎందుకు వంగి ఉంటుందో, ఏ తలుపు గాలికి ఏడుస్తుందో ఆమె చెబుతుంటే, వందేళ్ళ నాటి ఆ చెక్క పెట్టెలు నిన్ననే బెల్జియం నుంచి ఓడలో దిగినట్టుంటాయి. ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు. అయినా కొవ్వు మాడిపోతున్నా సరే, పక్క పెట్టెలోంచి ఆమె గొంతు వస్తే చెవి అటే పోతుంది.

అన్నిటికన్నా చివర పొయ్యి పెట్టె. మూడో తరగతి పెట్టెలన్నిట్లోనూ నడుమ ఒక ఇనప పొయ్యి ఉంటుంది. దాని పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళే కట్టెలు వెయ్యాలి, అది మా దగ్గర పద్ధతి. కానీ పొయ్యి పెట్టె అంటే మాత్రం ఊళ్ళో ఒక్కదాన్నే అంటారు. అనీతా ఆ పొయ్యి మీద చెయ్యి ఆనించి, "నేను ఇక్కడే పుట్టాను" అనేది. బయట మంచు తుపాను, బండి కదలక ఆగిపోవడం, గొర్రెల మకాంలో వంటచేసే సబీనా అనే మాపూచే తెగ ఆదివాసీ ఆడమనిషికి నొప్పులు రావడం. పెట్టెలో ఉన్న జనమంతా ఆమె చుట్టూ మూగారు. గార్డు నీళ్ళు కాచాడు. కసాయి రెముల్ఫో వాళ్ళ నాన్న తన గొంగడి తీసి పరిచాడు. మా మేనత్త దెల్ఫీనా తెల్లవార్లూ దీపం పట్టుకుని నించుంది. ఇక్కడికి వచ్చేసరికి వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి తలా రెండు తోర్తాలు కొనుక్కుంటారు. ఏడ్చినవాళ్ళకి ఆకలెక్కువ.

అనీతాకు ఆ కథ తప్ప ఇంకేమీ లేదు. నాలుగేళ్ళ పిల్లగా ఉండగానే సబీనా పోయింది. స్టేషన్లో బట్టలుతికే ఆవిడ పెంచింది. పెళ్ళి లేదు, తోబుట్టువులు లేరు. పదేళ్ళకే పెట్టెలు తుడిచే పనిలో చేరింది. తర్వాత లాభం లేదని ప్రభుత్వం బండి ఆపేసింది. పెట్టెలు పక్క పట్టాల మీద ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. చలికాలంలో ఊళ్ళో సగం మంది ఆ బల్లలు పీకి ఇంట్లో పొయ్యిలో పెట్టారు. తప్పేముంది, చలి అట్లాంటిది. కానీ పొయ్యి పెట్టెలో ఒక్క మేకు పోలేదు. దాని మెట్టు మీద అనీతా కర్ర పట్టుకుని కూర్చునేది. మళ్ళీ యాత్రికుల కోసం బండి నడిపినప్పుడు, మిగతా పెట్టెలన్నిటినీ దాన్ని చూసే బాగుచేశారు. అందుకే అంటాను, ఈ బండికి ఇంజిను ఒకటి కాదు, రెండు.

ఒకసారి నాతో అంది, "అందరూ ఉన్నారే ఆ కథలో. మీ అత్త ఉంది, గార్డున్నాడు, గొంగడి కూడా ఉంది. మా అమ్మే లేదు. నన్ను చూసి ఏమందో ఒక్కరికీ గుర్తులేదు."

"నొప్పుల్లో ఉన్న మనిషి ఏమంటుందే, అమ్మో అంటుంది" అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె నవ్వలేదు. ఇక దాని గురించి హాస్యమాడలేదు నేను.

నిరుడు లైను పండగ, అంటే ఈ రైలు లైను మొదలైన రోజు పండగ, వచ్చింది. బండి వ్యవహారాలు చూసే ఫాబ్రీసియో మంచివాడే గానీ, జనాన్ని రప్పించే పోస్టరు చూసుకుంటే తప్ప నిద్రపట్టని మనిషి. ఎక్కడో సముద్రం ఒడ్డున మనవరాలి దగ్గర ఉంటున్న దోన్యా రొసెందాను వెతికి పట్టుకొచ్చాడు. దోన్యా అంటే మా దగ్గర పెద్దావిడల్ని గౌరవంగా పిలిచే మాట. ఆ తుపాను నాటి బండిలో ఉన్నవాళ్ళలో ఇంకా బతికున్నది ఆవిడొక్కతే. అప్పటికి పదహారేళ్ళ పనిపిల్లట. ఈ మాట వినగానే అనీతా ఉన్న ఒక్క మంచి జాకెట్టూ రెండుసార్లు ఇస్త్రీ చేసింది. మా అమ్మ ఏమందో ఆవిడకి తెలిసుంటుంది అని ఆ వారమంతా అదే మాట.

శనివారం దోన్యా రొసెందా చేతికర్రతో దిగింది. అనీతాను కిందనుంచి పైదాకా చూసి, "లానీతా, ఎంత దానివయ్యావు" అంది. మా దగ్గర ఆడవాళ్ళ పేరు ముందు 'లా' అని కలిపి పిలవడం అలవాటు. నన్ను లా సులేమా అంటారు, ఆమెను లా అనీతా అంటారు. కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు.

పెట్టెలన్నీ తిరిగి జనం పొయ్యి పెట్టెలోకి వచ్చారు. నేను కూడా పొయ్యి కట్టేసి వచ్చి తలుపు దగ్గర నించున్నాను. అనీతా కథ చెప్పింది, ఎప్పటికన్నా బాగా చెప్పింది. చెప్పి ముసలావిడ వైపు తిరిగింది. "దోన్యా, మా అమ్మ నన్ను చూసి ఏమంది?"

ముసలావిడ చుట్టూ చూసింది. "ఇక్కడా? ఇక్కడెందుకు పుడతావు అమ్మాయ్?"

ఫాబ్రీసియో గబుక్కున నవ్వేసి, "పెద్దావిడ కదా, ఇంత దూరం ప్రయాణం చేసి అలసిపోయారు" అన్నాడు జనంతో.

"నా మోకాళ్ళు అరిగాయి గానీ బుర్ర అరగలేదు అబ్బాయ్. కాసేపు కూర్చో." ఆవిడే పొయ్యి పక్కన కూర్చుంది. "నొప్పులు ఇక్కడే మొదలయ్యాయి, నిజమే. వెచ్చగా ఉంటుందని ఈ మూల కూర్చుంది సబీనా. ఉమ్మనీరు పోగానే గోల మొదలెట్టారు. పిల్లలున్నారు, భోజనాలున్నాయి, ఇదేం అసయ్యం అని. గార్డొచ్చి, వెనక ఉన్ని మూటల పెట్టెలో చోటుంది పద అన్నాడు. మంచులోంచి నడిపించుకు పోయాడు."

నేనే ఉండబట్టలేక అడిగాను. "మా అత్త దెల్ఫీనా దీపం పట్టుకుందటగా?"

"ఎర్ర శాలువా దెల్ఫీనానా? ఆవిడే కదా తలుపేసింది. చలిగాలి కొడుతోందని."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర మా అత్త ఆ దీపం కథ చెప్పి ముక్కు చీదేది. చిన్నప్పటినుంచీ ఆవిడంటే నాకు ఎంత గొప్పో. ఆ క్షణంలో బతికుంటే ఆవిడ ముందు కుండబద్దలు కొట్టినట్టు అడిగేదాన్ని. కానీ ఆవిడ ఎప్పుడో హాయిగా పోయింది.

"మా దొరసాని బకెట్టిచ్చి పొమ్మంటే పోయాను" అని ముసలావిడ చెప్పుకుపోయింది. "పోయాక తిరిగి రాబుద్ధి కాలేదు. ఉన్ని ఉంటే నిప్పు పెట్టకూడదు కదా, అందుకని ఆ పెట్టెలో పొయ్యి లేదు. నువ్వు పుట్టగానే ఒక మూట చింపి ఉన్నిలో దోపాం. తడి ఒంటికి ఉన్నంతా అంటుకుపోయి నువ్వు గొర్రెపిల్లలా తయారయ్యావు. నిన్ను చూసి మీ అమ్మ నవ్వింది. అంత చలిలో, అంత రక్తం పోయాక, పకపకా నవ్వింది. ఆవిడకి మన భాష అంతగా రాదు. గొర్రెల మకాంలో పనిచేసింది కాబట్టి లానా అంటే ఉన్ని అని తెలుసు. లానీతా, లానీతా అని పిలుచుకుంది. బుజ్జి ఉన్నిముద్దా అని."

"లా అనీతా" అన్నాడు ఫాబ్రీసియో, సరిచేస్తున్నట్టు.

"ఊళ్ళో పేరు రాసే గుమాస్తా కూడా నీలాగే విన్నాడు. నేను మాత్రం ఎన్నడూ అనీతా అనలేదు. ఇందాక దిగినప్పుడు కూడా."

అనీతా పొయ్యి మీదనుంచి చెయ్యి తీసింది. ఏడవలేదు. జనంతో, "పక్క పెట్టెలో టీ, తోర్తాలు ఉన్నాయి, వెళ్ళండి" అంది మామూలు గొంతుతో. అందరూ వెళ్ళాక ముసలావిడ కాళ్ళ దగ్గర కింద కూర్చుని, "నవ్విందా? మళ్ళీ చెప్పండి" అంది. ఆవిడ మళ్ళీ చెప్పింది. నేను తోర్తాలు వేయించడానికి వెళ్ళిపోయాను, నావల్ల కాలేదు.

సాయంత్రం ఫాబ్రీసియో ఆమెను పక్కకు పిలిచాడు. "చూడు అనీతా, ముసలావిడ మాట ఎంతవరకు నిజమో దేవుడికెరుక. జనం పొయ్యి కథ కోసం వస్తున్నారు. వచ్చే శనివారం ఎప్పటిలాగే కానిచ్చెయ్. ఊరికే ఊళ్ళోవాళ్ళ తాతలనీ అత్తలనీ రచ్చకీడ్చడం ఎందుకు చెప్పు."

మర్నాడు చూస్తే అనీతా షెడ్డు వెనక ఉన్న పాత ఉన్ని పెట్టెలో ఉంది. అందులో విరిగిన బల్లలు, తుప్పు గొట్టాలు, కోడి రెట్ట. ఒక్కతే బయటికి ఈడ్చి పడేస్తోంది. సాయం అక్కర్లేదంది. నేను వినిపించుకోకుండా చీపురు అందుకున్నాను.

"బాధగా ఉందా?" అన్నాను.

"ఎందుకుండదే. ఆ పెట్టెకి కర్ర పట్టుకుని కాపలా కాశాను. చలికి వణుకుతూ కాశాను. మా అమ్మని గెంటేసిన పెట్టెకి." కాసేపు ఊడ్చింది. "మీ అత్తని తిట్టకు. చెప్పీ చెప్పీ ఆవిడే నమ్మేసుంటుంది. లేకపోతే ఎట్లా బతుకుతారు, దినం నా మొహం చూస్తూ."

"నేను తిడతాను. నాకు హక్కుంది."

"సరే, తిట్టుకో. ఆ గొట్టం అటు పట్టు."

ఆ వారంలో మాట ఊరంతా పాకింది. కసాయి రెముల్ఫో ఆమెను చూసి పలకరించకుండా లోపలికి పోయాడు. ఇంకొంతమంది, ఎప్పుడో జరిగినదాన్ని తవ్వుకోవడం ఎందుకు, ఆమెకి ఈ ఊరు తక్కువ చేసిందా అన్నారు. ఆమె ఉద్యోగం పోతుందేమోనని నాకు దిగులుగానే ఉంది. ఆమె వయసులో ఇంకో పని ఎవరిస్తారు? అనీతా మాత్రం ఇంజిను నడిపే ఎలాదియోని అడిగి శనివారం బండికి వెనక ఉన్ని పెట్టె తగిలించింది. తగిలించమన్నది ఎవరని ఎలాదియో అడగలేదట. అట్లాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే చాలు ఏ ఊరికైనా.

శనివారం జనం బాగా వచ్చారు. ఎప్పటిలాగే తొడుగులు తీయించింది, చెక్క బల్లల మీద కూర్చోబెట్టింది, హాస్యాలాడింది. పొయ్యి పెట్టెలోకి వచ్చాక, "ఇది పొయ్యి, పక్కనున్నవాళ్ళు కట్టెలు వెయ్యండి" అని మాత్రం చెప్పి ఆగకుండా నడిచింది. ప్లాట్‌ఫాం మీద ఫాబ్రీసియో చేతులు కట్టుకుని నించుని చూస్తున్నాడు. అతని ముందునుంచే అందర్నీ దింపి, ఉన్ని పెట్టె ఎక్కించి, జరిపే తలుపు మూసింది. లోపల చీకటి, చలి. అన్నేళ్ళయినా గొర్రె కొవ్వు వాసన పోలేదు. నేను జనం వెనకాల ఇరుక్కుని నించున్నాను.

"నేను ఇక్కడ పుట్టాను" అంది అనీతా.

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పేర్లు చెప్పలేదు, మా అత్త పేరు కూడా. కానీ ఒక్క మెత్తని మాట కలపలేదు. ఉమ్మనీరు, గోల, మంచులో నడక, మూసిన తలుపు, మూట చింపడం. అమ్మ నవ్విన దగ్గరికి వచ్చేసరికి ఆమే నవ్వింది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను ఆమెను, అట్లా నవ్వడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

ఒకావిడ అడిగింది, "మరి ఎందుకలా గెంటేశారు? మనుషులేనా?"

"మనుషులే" అంది అనీతా. "చలిగా ఉంది, భయమేసింది, ఆవిడ వాళ్ళ మనిషి కాదు. తర్వాత సిగ్గేసి నాకు మంచి కథ చెప్పారు. నన్ను బాగానే చూసుకున్నారు కూడా. రెండూ నిజమే."

జనంలో ఎవరో చేతులు రుద్దుకున్నారు. చలి నిజంగానే ఎముకల్లోకి పోతోంది. అనీతా అది చూసి తలుపు జరిపింది, బయట వెలుతురు లోపల పడింది.

"పదండి, పొయ్యి పెట్టెలోకి పోదాం. మా అమ్మని అక్కడ ఉండనివ్వలేదు. మీరు ఎంతసేపైనా ఉండొచ్చు."

ఎవరూ వెంటనే కదల్లేదు. ఆమే ముందు దిగి నడిచింది. మేమంతా ఆమె వెనకాల వెళ్ళాం, ఫాబ్రీసియో కూడా.