కుళాయికి తడిగుడ్డ

1998లో నర్సీపట్నంలో అద్దెకుండేవాళ్లం. బోరు నీళ్ల ఉప్పుకి కుళాయిలన్నీ తెల్లగా గారకట్టేశాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాటిని శుభ్రంగా అప్పజెప్పాలని ముందు పోర్షన్లో ఉండే ఓనరు పిన్నిగారు ముందే చెప్పారు. ఖాళీ చేసే ముందురోజు మావారు డ్యూటీకి వెళ్లిపోయారు. నాకు మూడు రోజులుగా జ్వరం. సామాన్లు సర్ది, వంటింటి కుళాయిని చాకుతో గీకాను. గార వదల్లేదు. విసుగొచ్చి పచ్చడిబండతో ఒక్కటిచ్చాను. కుళాయి విరిగి, నీళ్లు మొహాన కొట్టాయి. రెండు చేతులూ అడ్డుపెట్టి కేకలేశాను.

పిన్నిగారు పరుగున వచ్చి ట్యాంకు వాల్వు కట్టేశారు. తిడతారనుకున్నాను. నా నుదుటిమీద చెయ్యి వేసి చూసి, "ఒళ్లు కాలిపోతన్నాది గదే! సెప్పవేటి?" అన్నారు.

నన్ను పడుకోబెట్టి నుదుటిమీద తడిగుడ్డ వేశారు. ఇంకో గుడ్డ చింతపండు పులుసులో ముంచి బాత్రూం కుళాయికి చుట్టారు.

"రేపటికి ఇద్దరికీ తగ్గిపోద్ది. ఎళ్లిన ఇంట్లోనైనా పనయ్యాక కుళాయి పొడిగుడ్డెట్టి తుడిసెయ్. మరి గార పట్టదు."

ఇప్పటికీ రోజూ తుడుస్తున్నాను. మా కుళాయిలు మెరుస్తూనే ఉన్నాయి. నా నుదుటిమీద మాత్రం మళ్లీ ఎవరూ చెయ్యి వేసి చూడలేదు.