చముద్రం

జ్ఞానసుందరి టీచరు పాఠాలు చెప్పినన్నాళ్లూ టెక్కలి పిల్లల నోళ్లలో ‘స’కి నిలువ నీడ ఉండేది కాదు. "సేప కాదర్రా, చేప! సెట్టు కాదు, చెట్టు!" అని బెత్తంతో బల్ల మీద తాళం వేసేది.

దానికో కారణం ఉంది. విశాఖపట్నంలో ట్రైనింగు చదివే రోజుల్లో ఆమె "సెప్పండి" అన్నప్పుడల్లా హాస్టలు పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. పంతం పట్టి నాలుక దిద్దుకుంది. ఎంతగా దిద్దుకుందంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇన్‌స్పెక్టరు వస్తే ఎదురెళ్లి, "నమస్కారం చార్! హెడ్మాస్టరు గారు చెలవు చార్!" అంది. పాపం, నవ్వు దాచుకోడానికి ఆయన చాక్‌పీసుల డబ్బాలోకి తొంగి చూడాల్సి వచ్చింది. ఆమె భర్త సత్యరాజు, రైల్వేలో చేసి రిటైరైన పెద్దమనిషి, సరదా పుడితే ఈనాటికీ ఆమెను "చార్" అనే పిలుస్తాడు.

తిత్లీ తుఫానులో ఊరి చర్చి గదిలోకి నీళ్లు చేరి, అక్కడ దాచిన ఊరివాళ్ల పాత ఫోటోలన్నీ అతుక్కుపోయి ముద్దయ్యాయి. ఆ ముద్దను చేతిలో పట్టుకుని టీచరు చాలాసేపు కూర్చుంది. ఫోటోలు ఎలాగూ పోయాయి, ఉన్నవాళ్ల మాటలైనా దాచాలనుకుంది. పలాసలో కంప్యూటరు సెంటరుకి వెళ్లి, మనవల ఈడు పిల్లల పక్కన కూర్చుని తెలుగు టైపు నేర్చుకుంది. అప్పట్నించీ ల్యాప్‌టాప్ సంచిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సుల్లో తిరుగుతూనే ఉంది. నందిగాం జీడితోటల్లో, భావనపాడు రేవులో ముసలివాళ్ల కబుర్లు ఫోనులో రికార్డు చేస్తుంది, ఇంటికొచ్చి మాట పొల్లుపోకుండా టైపు చేస్తుంది, ఎవరైనా వెతుక్కునేలా వెబ్‌సైటులో పెడుతుంది. ఆ వయసులో ఆ ఓపిక చూస్తే ఎవరికైనా చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అన్నిటికన్నా ఆమె ఆశ పెట్టుకున్నది బారువ పైడమ్మ కబుర్ల మీద. మేకు లేకుండా కొబ్బరితాడుతో పడవను ఎలా కుట్టేవారో కళ్లకు కట్టినట్టు చెప్పగలిగిన మనిషి ఆ ఒడ్డున ఇక పైడమ్మ ఒక్కతే. ఆమె ఒకే ఒక షరతు పెట్టింది.

"నాను సెప్పింది నాకు సదివి ఇనిపించాల. నా మాటలాగుంటేనే పెట్టు. నేకపోతే తుడిసీ."

టైపంతా అయ్యాక టీచరుకి పాత బెంగ పట్టుకుంది. చదువుకున్నవాళ్లు చూసి నవ్వుతారేమో! తనను చూసి నవ్వితే నవ్వారు, పైడమ్మను చూసి నవ్వకూడదు. కంప్యూటరులో ఒక సదుపాయం ఉంది కదా, ఒక అక్షరం చూపించి దాని బదులు ఇంకోటి పెట్టమంటే క్షణంలో అంతటా మార్చేస్తుంది. ‘స’ బదులు ‘చ’ అంది. తెర మీద ఎదురుగా ఉన్న నాలుగు మాటలు చూసుకుంది. సేపలు చేపలయ్యాయి, సెట్లు చెట్లయ్యాయి, సుట్ట చుట్టయింది. "భలే బుద్ధిమంతురాలివే!" అని ల్యాప్‌టాప్ వీపు తట్టి, సేవ్ చేసి మూసేసింది.

మర్నాడు బారువలో పైడమ్మ అరుగు మీద, ఎండు చేపల పక్కన కూర్చుని గొంతు సవరించుకుని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది.

"చముద్రం చంగతి చెప్తాను, కూకో. చూరీడు రాకముందే చరంగు..."

పైడమ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"ఏటమ్మా, సముద్రానికి ఏటైనాది? పళ్లూడిపోనాయా?"

"ఉండు పిన్నీ, ఎక్కడో ఏదో..."

"పళ్లు నేకుండా ఉన్నది నాకు. నంగినంగిగా సదువుతున్నది నువ్వు! సరంగంటే పడవ మీద పెద్ద. చరంగెవుడు? నానెరగను ఆణ్ని."

టీచరు గబగబా కిందికి జరిపి చూసింది. చంత, చరుకు, చాయంత్రం. పేజీలకు పేజీలు ఇదే వరస.

"ఇది నా మాట కాదు," అని పైడమ్మ మొహం సముద్రం వైపు తిప్పేసుకుంది. "తుడిసీ టీచరమ్మా."

షరతు షరతే. టీచరు వేలు డిలీట్ మీదికి వెళ్లింది, ఆగింది. నోట్లోంచి మాత్రం ఎన్నడూ తానై ఎవరికీ చెప్పని సంగతి వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు, చార్, చెలవు, చాక్‌పీసుల డబ్బా, అంతా చెప్పేసింది. పైడమ్మ భుజాలు ముందు కొంచెం కదిలాయి, తర్వాత అరుగంతా కదిలింది.

"ఓలమ్మో! అయితే ఈ పెట్టె కూడా నీతో పాటే పట్నంలో సదివినాదన్నమాట!" అని కళ్లు తుడుచుకుంది. "సర్లే, తీ నీ ఫోను. నాను సెప్పిందే మళ్లీ పెట్టు. సూద్దారి."

ఇద్దరూ రికార్డు వింటూ ఒక్కో మాటనీ దాని చోట కూర్చోబెట్టుకుంటూ వచ్చారు. వెతుక్కునేవాళ్ల కోసం అడుగున పెట్టే మాటల్లో మాత్రం టీచరు సేప పక్కన చేప, సెట్టు పక్కన చెట్టు, రెండేసి రాసింది. ఎవరు ఏ నోటితో వెతికినా పైడమ్మ దొరకాలి.

సాయంత్రం ఎండు చేపలు ఎత్తే వేళకి మొదటి వాక్యం మళ్లీ చదివింది. "సముద్రం సంగతి సెప్తాను, కూకో."

పైడమ్మ కళ్లు మూసుకుని విని, "ఆ. ఇది నాను. పెట్టు," అంది.

ఇంటికి రాగానే సత్యరాజు ఎదురొచ్చాడు. "ఏమైంది చార్? ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది. కూకో, సెప్తాను," అంది టీచరు. అని, నాలుక మాత్రం కరుచుకోలేదు.